బానెట్ మీద గీత

షెడ్డులో ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. కార్ల సొట్టలు తీయడం, గీతలు మాపడం, రంగు వేయడం ఆయన పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. సొట్ట ఎక్కడుందో ఆయన కళ్లతో వెతకడు. కళ్లు మూసుకుని అరచేత్తో రేకుని నిమురుతాడు. చేతికి ఏదైనా తగిలిందంటే ఇక కారుగలాయన బతిమాలినా వదలడు. "అది పాతదిలే మేస్త్రీ, వదిలెయ్" అంటే, "మీరు వదిలేస్తారండీ, నా చెయ్యి వదలదు" అంటాడు.

ఈ జబ్బు షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోతే ఏ గొడవా ఉండేది కాదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు సొట్ట తీశాడు. బీరువా మూల సరిచేశాడు. వాళ్లతోనే ఉండే అత్తగారి ఇనప్పెట్టె మీద నలభై ఏళ్ల గీతల్ని లప్పం పెట్టి పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, రంగు కొట్టి కొత్త పెళ్లికూతుర్ని చేశాడు. అత్తగారు పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, "అల్లుడుగారూ, నన్ను వెలుతుర్లో ఎక్కువసేపు కూర్చోనివ్వకండి. ముడతలు కనబడితే మీ చెయ్యి ఊరుకోదు" అంది.

మాటల్లోనూ మేస్త్రిది అదే పద్ధతి. ఇంట్లో ఏ చిన్న గరుకు తగిలినా "పోనీలే" అంటాడు. అది ఆయన నోటి లప్పం. దాంతో పూడ్చలేని గుంట లేదని ఆయన గట్టి నమ్మకం.

భార్యది పూర్తిగా వేరే వ్యవహారం. అంబులెన్సు కోసం ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడే ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. చెవులకి హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర, పక్కన తాగడం మర్చిపోయిన టీ. పొద్దున ఆరింటికి కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి లేస్తుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది. పిల్లిని చెట్టు మీంచి దింపడానికి అంబులెన్సు అడిగిన పెద్దమనిషి, కవలలు పుట్టేదాకా ఫోన్ పెట్టకుండా ఏడుస్తూ నవ్వుతూ కూర్చున్న తండ్రి, అడ్రసు అడిగితే ఇంటి ముందున్న కుక్క గుర్తులు చెప్పిన ముసలమ్మ. మేస్త్రి ఊఁ కొడుతూ వినేవాడు. సగం వినేవాడు, సగం ఆవిడ మొహం చూసేవాడు. మనిషి అంత వేగంగా మాట్లాడుతూ ఊపిరి ఎప్పుడు తీసుకుంటుందా అని పెళ్లయిన కొత్తలో వచ్చిన అనుమానం ఆయనకి ఇంకా తీరలేదు.

అలాంటి మనిషి ఒకరోజు ఇంటికొచ్చి తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చుంది. భుజానికి సంచీ అలాగే ఉంది. "ఏమైందే?" అంది తల్లి. "ఏం లేదు" అంది. మర్నాడూ అంతే. నాలుగో రోజు ఆఫీసులో ఫోన్ మోగితే ఆవిడ చెయ్యి లేవలేదట. ఆరుసార్లు మోగాక పక్క కుర్చీలో అమ్మాయి తీసిందట. పై ఆఫీసరు మంచివాడే. నెల రోజులు సెలవిచ్చి, "విశ్రాంతి తీసుకుని రండి. అప్పటికీ చెయ్యి లేవకపోతే ఫైళ్ల గదికి మారుద్దాం" అన్నాడు. ఫైళ్ల గది మాట విన్నప్పుడు మాత్రం ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఫోను, ఆ కుర్చీ అంటే ఆవిడకి ప్రాణం.

మేస్త్రి ఏమీ అడగలేదు. అడిగితే పుండు మీద కారం చల్లినట్టవుతుందని భయం. టీ పెట్టి ఇచ్చేవాడు, దుప్పటి కప్పేవాడు, ఫ్యాన్ తిప్పేవాడు. ఇల్లంతా చప్పుడు లేకుండా మెత్తగా తిరిగేవాడు. పోనీలే, అదే సర్దుకుంటుంది అని తనకి తనే చెప్పుకునేవాడు.

ఆఫీసువాళ్లు పంపిన డాక్టరమ్మ ఒక సలహా ఇచ్చింది. బొమ్మలు వేయమంది. అది కూడా చెట్టో పిట్టో కాదు, దేనిదీ కాని బొమ్మ. చేతికి ఏ రంగు వస్తే ఆ రంగు, ఎటు పోవాలనిపిస్తే అటు. అబ్‌స్ట్రాక్ట్ అంటారు, ఎవరూ మార్కులు వేయరు, మనసులో బరువు కాస్త చేతిలోంచి దిగుతుంది అని చెప్పింది. భార్య ఒక పుస్తకం, రంగు పెన్సిళ్లు కొనుక్కొచ్చి, వరసగా గళ్లు గీసి, గీత దాటకుండా నింపింది.

తల్లి కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఇదేం బొమ్మే? ముక్కూ మొహం ఏదీ?"

"ఉండకూడదటమ్మా."

"మరి బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"బాగుండక్కర్లేదట."

"ఈ డాక్టరమ్మెవరో నా వంట తిన్నట్టుంది" అంది తల్లి. కూతురు నవ్వలేదు. మామూలుగా అయితే ఆ మాటకి పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆ ఆదివారం భార్యని షెడ్డుకి తీసుకెళ్లాడు. సెలవు కాబట్టి అక్కడ ఎవరూ లేరు. వెనకాల రేకుల పంచలో రెండు స్టాండ్ల మీద ఒక పాత బానెట్ పెట్టి ఉంచాడు. తుక్కు కింద పోవాల్సింది. దాని పక్కన డబ్బాల అడుగున మిగిలిన రంగులు పదిహేను దాకా వరసగా పేర్చాడు. అరిగిపోయిన లప్పం పూసే రేకులు, పాత బ్రష్షులు, గుడ్డపీలికలు పెట్టాడు.

"ఆ పుస్తకం నీకు చిన్నదైపోయింది. దీనిమీద వెయ్యి" అన్నాడు.

"ఏం వెయ్యను?"

"నన్నడిగితే ఏం చెప్పను? ఒక కారుకి ఒకటే రంగు వేసేవాణ్ణి."

ఆవిడ కాసేపు ఆ డబ్బాల్ని చూసింది. తర్వాత ముదురు నీలం డబ్బా ఎత్తి బానెట్ మీద కుమ్మరించింది. రంగు అంచులదాకా పారి, ధారలు కట్టి కిందికి కారింది. మేస్త్రికి ప్రాణం ఉసూరుమంది. రంగు కారడమంటే ఆయన వృత్తిలో అంతకు మించిన అప్రతిష్ఠ లేదు. గోడవైపు తిరిగి నిలబడి, గోడకి ఉన్న క్యాలెండరు శ్రద్ధగా చదివాడు.

తర్వాత రోజూ మధ్యాహ్నం షెడ్డువాళ్లు భోజనానికి వెళ్లే వేళకి ఆవిడ వచ్చేది. నీలం మీద బూడిదరంగు, దానిమీద ఎరుపు, ఎరుపుని రేకుతో సగం గీకేసి కింద నీలాన్ని బయటికి తెచ్చేది. ఒక మూల పసుపు చుక్కలు చల్లి మర్నాడు వాటిని తుడిచేసేది. మోచేతులదాకా రంగు. జుట్టులో రంగు. ఇంటికెళ్లి ఆకలిగా తినేది. తిన్నాక నిద్రపోయేది. మేస్త్రి తన భోజనం డబ్బా విప్పుకుని పది అడుగుల దూరంలో కూర్చుని, చూడనట్టు చూసేవాడు. ఆయనకి ఆ బొమ్మ ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ బొమ్మ వేస్తున్న మనిషి భుజాలు రోజురోజుకీ కిందికి దిగడం మాత్రం కనిపించింది. ఆ భుజాలు అంతకుముందు చెవుల దగ్గర ఉండేవి.

మూడో వారంలో ఒకరోజు ఆవిడ బల్ల మీంచి పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుంది. బానెట్ ఎడమ అంచు నుంచి గీకడం మొదలుపెట్టింది. ఒకేసారి బర్రున లాగలేదు. బెత్తెడు బెత్తెడు, ఒక గీటు చివర ఇంకో గీటు. ప్రతి గీటుకీ పెదాలు కదిలాయి. అడుగున ఇనుము మెరిసేదాకా గీకింది. మేస్త్రి అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ చప్పుడు ఆయన పళ్లలోకి ఎక్కింది. గీత నడిమధ్య దాకా వచ్చి, ఎందుకో అక్కడే ఆగిపోయింది. ఆవిడ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో తనంతట తానే నోరు విప్పింది. ఎక్కువేం కాదు. "ఆ బూడిదరంగు ఏ కారుదండీ?" అంది. మేస్త్రి ఆ కారు గురించి, దాని సొంతదారు గురించి, ఆయన బావమరిది గురించి కూడా చెప్పేశాడు. ఆనందంలో ఎక్కడ ఆపాలో తెలియలేదు.

సెలవు ఇంకా వారం ఉందనగా ఆవిడ అంది, "దాన్ని ఇంట్లో పెట్టుకుంటానండీ. రంగు రాలిపోకుండా పైన మీ మెరుపు పూత వేసిపెడతారా?"

అడిగింది భార్య. అడిగింది ఆయనకి చేతనైన పని. ఇక ఆయన్ని పట్టుకునేదెవరు? మర్నాడు షెడ్డు పనులన్నీ పక్కన పెట్టేశాడు. చేతులు శుభ్రంగా కడుక్కుని, కళ్లు మూసుకుని, బానెట్‌ని అరచేత్తో నిమిరాడు. అరచెయ్యి గగ్గోలు పెట్టింది. ఎత్తుపల్లాలు, ఎండిన ధారలు, చెక్కుకుపోయిన అంచులు. మెరుపు పూత వేయాలంటే అడుగు నున్నగా ఉండాలి. అది షెడ్డులో ఎవర్నడిగినా చెప్పే మాట. పైగా ఆ పొడుగు గీతలో ఇనుము బయటపడి ఉంది. ఇవాళ కాకపోతే రేపు తుప్పు పడుతుంది. తుప్పు పట్టే వస్తువుని భార్యకెలా ఇస్తాడు?

ధారల్ని నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది అణిచాడు. అంచులు కలిపాడు. గీతలో తుప్పు మందు రాసి, లప్పం నింపి, ఆరబెట్టి, రుద్ది, ఎక్కడికక్కడ నీలంలో నీలం, ఎరుపులో ఎరుపు కలిపి పూశాడు. ఇంత ప్రేమగా ఆయన ఏ కారుకీ చేయలేదు. ఆ రంగు మీద ఆవిడ చెయ్యి తిరిగిన దారినే తన చెయ్యీ తిరుగుతోందని తలుచుకుని ఒకటి రెండుసార్లు కళ్లు చెమర్చాయి. పైన మూడు పూతలు మెరుపు వేశాడు. ఆరాక చూస్తే అద్దం. తన మొహం అందులో స్పష్టంగా కనిపించింది, మీసంలో అంటిన లప్పంతో సహా.

మర్నాడు మధ్యాహ్నం తల్లీకూతుళ్లు ఇద్దర్నీ తీసుకొచ్చి బానెట్ మీది గుడ్డ లాగాడు.

అత్తగారు "అబ్బో" అంది.

భార్య ఎడమ అంచు దగ్గరికి వెళ్లింది. వంగి చూసింది. అరచేత్తో తడిమింది. చెయ్యి నడిమధ్య దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది.

"ఇక్కడ గీత ఉండాలి" అంది.

"కనిపెట్టలేవు" అన్నాడు మేస్త్రి, మొహం వెలిగిపోతూ. "నిన్న పూడ్చింది నేనే, ఇవాళ నేనే కనిపెట్టలేను."

ఆవిడ చెయ్యి తీసేసింది. "బాగుంది" అంది. మర్యాదగా, ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఫోన్లో అన్నట్టు అంది. ఇంటికెళ్లి తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఆ రోజు తినలేదు. మర్నాడు షెడ్డుకి రాలేదు.

ఏదో పాడుచేశాడని మేస్త్రికి తెలుస్తోంది, ఏం పాడుచేశాడో తెలియడం లేదు. అత్తగారే ఆయన్ని వంటింట్లోకి పిలిచింది.

"ఏం చేశారు అల్లుడుగారూ?"

"మెరుగు పెట్టానత్తయ్యా. ఒక గీత పూడ్చాను. అంతే."

అత్తగారు పొయ్యి మీది టీ దించింది. "నా పెట్టె మీద గీతలు పూడ్చారే, ఆ రోజు నేనేమన్నా అన్నానా? మీ మామగారితో కలిసి తొమ్మిది ఇళ్లు మారాం. ఏ గీత ఏ ఇంటి మెట్ల మీద పడిందో, అప్పుడు ఆయన నన్నేమన్నారో చూసుకుంటూ ఉండేదాన్ని. అల్లుడు ప్రేమగా చేశాడు కదా అని మింగేశాను. నేనంటే మింగగలను. నా కూతురు మింగలేకే కదండీ ఇలా అయిపోయింది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "అప్పుడే చెప్పకపోయారా అత్తయ్యా?"

"మీరడిగితే కదా" అంది ఆవిడ. కోపంగా అనలేదు. టీ గ్లాసు చేతికిచ్చి మరీ అంది.

శనివారం మధ్యాహ్నం మేస్త్రి ఒక్కడే బానెట్ ముందు నిలబడ్డాడు. సోమవారం ఆవిడ ఆఫీసుకి వెళ్లాలి. స్క్రూడ్రైవర్ తీసుకుని ఎడమ అంచు మీద ఆనించాడు. ఇరవై ఆరేళ్లుగా గీతలు మాపిన చెయ్యి. కావాలని ఒక్క గీత పెట్టి ఎరగదు. ఆ చెయ్యి కదల్లేదు. కదిలినా లాభం లేదని కూడా అర్థమైంది. పూడ్చినవాడే మళ్లీ గీస్తే అది ఆవిడ గీత ఎలా అవుతుంది? అసలు అది దేని గీతో తనకేం తెలుసు?

ఇంటికెళ్లి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

"షెడ్డుకి ఒక్కసారి రా" అన్నాడు. "ఆ గీత ఏమిటో నాకు తెలీదు. తెలుసుకోకుండా చెరిపేశాను. నువ్వు చెప్పాలి."

ఆవిడ ఆయన వంక చూసింది. లేచి చెప్పులేసుకుంది.

షెడ్డులో మేస్త్రి స్క్రూడ్రైవర్ పట్టుకుని అడిగాడు. "ఎక్కడ మొదలైంది?"

వేలితో చూపించింది.

"ఎంత లోతు?"

"ఇనుము కనిపించేదాకా."

"ఒక్కో గీటూ విడిగా పెట్టావు కదా. ఎన్ని?"

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. పోనీలే అన్న మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి దాన్ని మింగాడు.

"ఎన్ని?" అని మళ్లీ అడిగాడు.

"పదిహేడు" అంది. "ఆ పెద్దాయనా నేనూ కలిసి లెక్కపెట్టాం."

బానెట్ వంకే చూస్తూ చెప్పింది. వంటింట్లో భార్య పడిపోయిందని ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ఊపిరి లేదు. ఆవిడ గుండె మీద చేతులు ఎలా పెట్టి నొక్కాలో ఈవిడ ఫోన్లో చెప్పి, లెక్కపెట్టింది. ఆయనా గొంతు కలిపి లెక్కపెట్టాడు. ఒకటి నుంచి ముప్ఫై, మళ్లీ ఒకటి నుంచి ముప్ఫై. అంబులెన్సు బయల్దేరింది గానీ రోడ్డు తవ్వేసి ఉంటే చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది. పదకొండు నిమిషాలు ఆ ముసలి చేతులు నొక్కుతూనే ఉన్నాయి.

"ఆఖరి వరసలో పదిహేడు అన్నాడు. నేను పద్దెనిమిది అన్నాను. ఆయన అన్లేదు. 'చాలమ్మా' అన్నాడు. 'నువ్వు కూడా అలిసిపోయుంటావు. కాసిని మంచినీళ్లు తాగు' అని ఫోన్ పెట్టేశాడు." "తిట్టినా బాగుండేదండీ. తిట్లు నాకు అలవాటే. పెళ్లాం నేల మీద ఉంటే, నన్ను మంచినీళ్లు తాగమన్నాడు."

నీ తప్పేం లేదు అనబోయాడు మేస్త్రి. అది కూడా లప్పమే అని తోచింది.

"ఆయన గొంతు ఎలా ఉంది?" అని అడిగాడు.

ఆవిడ తలెత్తింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "మెత్తగా. బాగా ఆయాసపడుతున్నాడు. మధ్యలో ఒకసారి లెక్క ఆపి, 'ఇదిగో, లే' అన్నాడు. నాతో కాదు."

"తర్వాత మంచినీళ్లు తాగావా?"

"లేదు. వెంటనే ఇంకో ఫోన్ వచ్చింది."

మేస్త్రి బల్ల మీంచి తన నీళ్ల సీసా తెచ్చి మూత తీసి ఇచ్చాడు. ఆవిడ సీసా ఎత్తి, ఏడుస్తూనే తాగింది. చీరంతా తడిసింది. ఆయన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ఏడుపు అయ్యేదాకా నిలబడ్డాడు.

తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఆయన చేతి మీద తన చెయ్యి వేసి ఆవిడే నొక్కింది. ఇద్దరూ పైకే లెక్కపెట్టారు. పదిహేడు దగ్గర ఆగారు. గీతలో అడుగున ఇనుము, దానికి రెండువైపులా తెల్లటి అంచు.

"నా లప్పం కనిపిస్తోంది" అన్నాడు మేస్త్రి సిగ్గుపడుతూ.

"కనిపించనివ్వండి. మీరు చేసిందే కదా" అంది. ముక్కు చీదుకుని, "ఎల్లుండి వెళ్తాను. చెయ్యి లేస్తుందో లేదో తెలీదు. లేవకపోతే వచ్చి చెప్తాను" అంది.

"లేచినా చెప్పు. చెప్పకపోతే అడుగుతాను." మేస్త్రి బొటనవేలితో ఆ తెల్లటి అంచుని నిమిరాడు. "నాకు చాలా భయమేసింది."

"ఎప్పుడు?"

"నువ్వలా కుర్చీలో కూర్చుండిపోయినప్పుడు. ఇక నాతో మాట్లాడవేమో అని. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని కూడా. నీకోసం ఊరుకున్నాననుకున్నాను. కాదు. నా భయం కొద్దీ ఊరుకున్నాను."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఒక్క గుక్కలో మాట్లాడిన మాటల్లో ఇవే ఎక్కువ. ఆవిడ ఆయన్ని కొత్తగా చూసింది. స్క్రూడ్రైవర్ మీంచి తన చెయ్యి తీసేసింది.

"అయితే ఆ భయం కూడా గీయండి" అంది.

మేస్త్రి అద్దంలా మెరుస్తున్న చోటు ఒకటి వెతుక్కున్నాడు. ఊపిరి బిగబట్టి, ఒంటిచేత్తో, సన్నగా ఒక వంకర గీత లాగాడు. చీమ నడిచినంత కూడా పడలేదు.

"ఇంకాస్త గట్టిగా" అంది భార్య, పక్కకి జరిగి ఆయనకి చోటిస్తూ. "నాకు కనిపించాలి."